నాలుగు పోగుల కుట్టు

నమోదు 1

ఈరోజు వచ్చిన చెయ్యి పున్నమిది. నాలుగేళ్లు నిండాయో లేదో. మూడో వీధి నీటిగోడ రేకుల మధ్య వేళ్లు దూర్చింది.

"ఎందుకు పెట్టావు బంగారూ?" అని అడిగాను, మత్తు ఇచ్చే ముందు.

"చల్లగుంటాది," అంది.

దానికేం చెప్తాం? పైన నేల కాలిపోతోంది. రాతి కింద ఇంత లోతున దాక్కున్నా మా వీధులు వెచ్చగానే ఉంటాయి. అడుగూరు మొత్తంలో చల్లటి చోటు అదొక్కటే. గాలిలోని తడిని లాగి చుక్కచుక్కగా తొట్టిలోకి వదిలే లోహపు రేకుల వరస. రేకు ఎంత పల్చనైతే నీళ్లు అంత ఎక్కువ. అందుకని వాటిని బ్లేడుకన్నా పల్చగా చేశారు. మోకాలి ఎత్తు నుంచే మొదలుపెట్టారు. ముందు ఒక జాలీ అయినా లేదు. నాలుగేళ్ల పిల్లకి సరిగ్గా మొహం దగ్గర ఉంటాయి. నాలుక పెట్టలేదు, అదే పదివేలు.

చూపుడు వేలు, మధ్య వేలు. వేలిని ముడిచే టెండన్లు రెంటిలోనూ పూర్తిగా తెగాయి. ఊళ్లో అందరూ వాటిని నరాలంటారు. తెగింది కూడా ఎక్కడ? వేలి మొదట్లో, టెండన్ ఇరుకైన సొరంగంలో అటూ ఇటూ జారే చోట. చేతి మొత్తంలో కుట్టడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. కుట్టు లావైతే సొరంగంలో ఇరుక్కుంటుంది. బలహీనమైతే తెగుతుంది. ఈ పిల్ల టెండన్ ఉడికిన సేమ్యా పోగంత ఉంది.

కుట్టింది నేను కాదు, దర్జీ. మా థియేటర్లో కుట్టే యంత్రానికి నర్సులు పెట్టుకున్న పేరది. సర్జన్‌ని నేను. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాను. నిబంధన అది. దర్జీ చెయ్యి వణకదు, దానికి నిద్ర చాలకపోవడమనేది లేదు, దాని కుట్టు చూస్తే నాకే ముచ్చటేస్తుంది. కానీ ఆరేళ్లలోపు పిల్లలకి దానికి తెలిసిన కుట్టు ఒక్కటే. తెగిన కొసల మధ్య రెండు పోగుల దారం. పెద్దవాళ్లకి నాలుగు వేస్తుంది. గనిలో పనిచేసేవాళ్లకి ఆరు వేస్తుంది. పిల్లలకి రెండే.

తర్వాత మోచేతి పైదాకా పిండికట్టు వేశాం. నాలుగు వారాలపాటు ఈ పిల్ల పిడికిలి బిగించకూడదు. ఆ మాట నేను నిజంగానే వాళ్లమ్మతో చెప్పాను, సిగ్గు లేకుండా.

ఈ వేసవిలో నీటిగోడ కోసిన చేతుల్లో ఇది మొదటిది కాదు. జాలీ పెట్టించమని నీటి మండలిని ప్రతిసారీ అడుగుతున్నాను. ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అంటున్నారు. ఏం పరిశీలిస్తున్నారు? రేకు పదునుగా ఉందా లేదా అనా?

నమోదు 2

పున్నమి తిరిగొచ్చింది. రెండు వేళ్ల కుట్లూ తెగిపోయాయి.

వాళ్లమ్మ నాగరత్న పుట్టగొడుగుల మళ్లల్లో పనిచేస్తుంది. పిల్లని చంకనేసుకుని, జారిపోయిన పిండికట్టుని తువ్వాలుతో కట్టుకుని పరుగున వచ్చింది. నాలుగేళ్ల పిల్ల చెయ్యి పైన లావుగా, కింద సన్నగా, మెత్తగా ఉంటుంది. అడుగూరు ఉక్కకి లోపల చెమట పట్టి కట్టు చొక్కా చెయ్యి ఊడినట్టు ఊడొచ్చింది. అదే సమయానికి తమ్ముడు బెల్లంముక్క లాక్కున్నాడు. పున్నమి ఊరుకోలేదు. గట్టిగా పట్టుకుని గుంజింది. ఏ పిల్లయినా అదే చేస్తుంది.

ముంజేతిని మెల్లగా నొక్కి చూశాను. టెండన్లు బాగుంటే ముంజెయ్యి నొక్కినప్పుడు వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకున్నాయి. మిగతా రెండూ కర్రపుల్లల్లా నిలబడ్డాయి.

నేనేం చెప్పకముందే నాగరత్నకి అర్థమైపోయింది.

"నాదే తప్పా డాక్టరమ్మా? పనికి పోకుంటే ఎట్ల? పోయినప్పుడు మా అత్తకాడ ఇడిసిపెడతా. వచ్చినాంక ఒళ్లోనించి దింపలేదు. నిద్రలో గూడా ఆ చెయ్యి నా చేత్తోనే పట్టుకోనుండా."

"నీ తప్పు కాదు."

"మరి ఆ కాగితంలో అట్లా రాసినారే?"

తీసుకుని చూశాను. కేసు కాగితంలో కుట్టు తెగడానికి కారణం అన్నచోట డైరెక్టర్ ఆఫీసు అప్పుడే నింపేసింది. తల్లి అజాగ్రత్త. నేను పిల్లని చూడకముందే, ఎవరూ ఒక్క ప్రశ్న అడగకముందే రాసేశారు. దర్జీది తప్పు కాదు, రేకులది తప్పు కాదు, ఉక్కదీ కాదు. తల్లి ఒక్కతే దొరికింది వాళ్లకి.

ఆ రెండు మాటలూ కొట్టేశాను. కాగితం చిరిగింది. చిరిగితే చిరిగింది.

నమోదు 3

ఇమాంబీ అక్క మా థియేటర్లో పెద్ద నర్సు. నాకన్నా ముందు నుంచీ ఇక్కడుంది. క్యాంటీన్ నుంచి గిన్నె నిండా కోడికాళ్లు తెచ్చింది.

"పులుసు పెడతావా, కుట్టు నేర్చుకుంటావా?" అంది.

కోడికాలి టెండన్ పున్నమి వేలి టెండన్‌తో ఇంచుమించు సమానం. అదే సన్నదనం, చుట్టూ అదే రకం తొడుగు. మధ్యాహ్నం ఖాళీ థియేటర్లో కూర్చుని కోసి, కుట్టి, పైకొసని కొక్కేనికి తగిలించి, కిందకొసకి నీళ్ల సీసాలు వేలాడదీశాం. తాగే నీళ్లే. పని అయ్యాక మళ్లీ తాగాం.

దర్జీ కుట్టినట్టే అదే దారంతో రెండు పోగులు వేశాను. రెండో సీసా కట్టగానే కొసల మధ్య సందు పడింది. మూడో సీసాకి ఠప్పున తెగింది. సందే అసలు జబ్బు. సందు పడిన టెండన్ అతుక్కున్నా పొడుగైపోతుంది, వేలు పూర్తిగా ముడవదు. నాలుగు పోగులు వేస్తే నాలుగు సీసాలకి కూడా సందు లేదు. ఆరో సీసా కడితే కొక్కెం వంగింది.

నేను ఎగిరి గంతేయలేదు. ఎందుకంటే మొదట్లో వేసిన నాలుగు పోగుల కుట్లు గుండీల్లా ఉబ్బాయి. తొడుగులోకి దూర్చబోతే నోటి దగ్గరే ఆగిపోయాయి. సన్నటి టెండన్‌లో సూది నాలుగుసార్లు దూరిస్తే నలిగిపోతుంది కూడా. పిల్లలకి రెండు పోగులు చాలన్న వాళ్లు పిచ్చివాళ్లు కాదు. పిల్లల టెండన్ తొందరగా అతుక్కుంటుంది. చాలామందికి రెండు పోగులతోనే వేళ్లు బాగుపడ్డాయి, నా కళ్లతో చూశాను. కానీ మొదటి వారాల్లో కొసలు మెత్తబడతాయి. అప్పుడు బరువు మోసేది దారమొక్కటే. ఆ రోజుల్లో పిల్ల కదలకుండా ఉంటుందని, కట్టు జారదని, ఉక్కపోయదని, తమ్ముడు బెల్లం లాక్కోడని నమ్మి రాసిన పద్ధతి అది. ఎక్కడో చల్లటి ఊళ్లో రాసుంటారు.

దారం ఇంకా సన్నది తీసుకున్నాం. ముడిని బయట కాకుండా కొసల మధ్యలో దాచాం. చుట్టూ అంచుకి సన్నగా పరుగుకుట్టు వేశాం. గిన్నెలో కాళ్లు అయిపోవచ్చేసరికి నాలుగు పోగుల కుట్టు తొడుగులో తాడులా జారింది. బరువు కూడా ఆపింది.

ఇమాంబీ అక్క దాన్ని వేలితో అటూ ఇటూ లాగి చూసింది. "కోడికి బాగైపోయింది. ఇంక పిల్ల సంగతి చూడు," అంది.

నమోదు 4

డైరెక్టర్ చక్రపాణి గారిని కలిశాను. కుట్టిన కోడికాలు బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఎస్తేరు గారూ, దర్జీలో పిల్లల కుట్టు తాళం వేసి వచ్చింది. మనం మార్చలేం. పైనుంచి అనుమతి రావాలి."

"అయితే చేత్తో కుట్టనివ్వండి."

"చేతికుట్టు ఎందుకు ఆపామో మీకు తెలీదా? దర్జీ రాకముందు ఈ ఆసుపత్రిలో చేతులు వణికే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన కుట్టిన వాళ్లు ఇప్పటికీ నా దగ్గరికొచ్చి వంగని వేళ్లు చూపిస్తారు. మళ్లీ ఆ రోజులు తెమ్మంటారా?"

అది అబద్ధం కాదు. ఆ పెద్దాయన నాకూ తెలుసు.

"నా చేతులు వణకడం లేదు," అని చాచి చూపించాను. నిజానికి అప్పుడు వణుకుతున్నాయి. కోపంతో.

"దర్జీతోనే మళ్లీ కుట్టిద్దాం. ఈసారి తల్లిని కాస్త జాగ్రత్తగా..."

"ఆ మాట ఇంకోసారి అనకండి."

ఆయన కుర్చీ మళ్లీ ముందుకి జరుపుకున్నారు. "మీ కోపం నాకర్థమైంది," అన్నారు.

అర్థమైందట. మనిషికి అర్థమయ్యాక కూడా ఏమీ చెయ్యకుండా కూర్చోగలడంటే అంతకన్నా అర్థం కాకపోవడమే నయం. జాలీ సంగతి అడిగాను. జాలీ పెడితే గాలి తగ్గుతుంది, నీళ్లు పడిపోతాయి, కింది వీధులకి అసలు అందవు అన్నారు. ఎంత తగ్గుతాయి అంటే కొలవలేదన్నారు. కొలవకుండానే వద్దనుకున్నారు.

"పిల్లల వేళ్లు ఎన్ని పోతే కొలుస్తారు?" అన్నాను. ఆయన తలుపు వైపు చూశారు. కోడికాలు అక్కడే వదిలేసి వచ్చాను.

నమోదు 5

టెండన్ తెగాక ఎన్నాళ్లో ఆగకూడదు. కొసలు వెనక్కి పోయి ముడుచుకుంటాయి, సొరంగం మూసుకుపోతుంది. అందుకే ఇవాళే పున్నమిని థియేటర్లోకి తెచ్చాను.

ముందు నాగరత్నకి ఉన్నదున్నట్టు చెప్పాను. "యంత్రం కుడితే నిబంధన ప్రకారం ఉంటుంది, కానీ మళ్లీ తెగొచ్చు. నేను కుడితే బలంగా ఉంటుందని నమ్ముతున్నాను. కానీ నేను ఈ కుట్టు కోళ్లకి వేశాను తప్ప పిల్లలకి వెయ్యలేదు. ఇరుక్కుంటే వేలు వంగదు. తర్వాత ఇంకో ఆపరేషన్ కావొచ్చు."

"యంత్రం కుట్టింది తెగితే ఎవురు జవాబు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు. చూశావుగా."

"నువ్వు కుట్టింది తెగితే?"

"నేను చెప్తాను."

ఆమె ఇంకేం ఆలోచించలేదు. "అట్లయితే నువ్వే కుట్టు. తిట్టుకోనీకైనా ఒక మనిషుండల్ల," అంది.

ఇమాంబీ అక్క దర్జీ మీట కిందికి లాగింది. దాని చేతులు పైకి మడుచుకుపోయాయి. "నేను లాగాననే రాయి," అంది. రాయను. లాగమన్నది నేను.

వేలు తెరిస్తే పైకొసలు కనబడలేదు. అరచేతి దాకా వెనక్కి పోయాయి. అరచేతిలో చిన్న గాటు పెట్టి వెతికితే దొరికాయి, వాచి, అంచులు చీలి. పసిపిల్లలకి ముక్కులోంచి పాలు పోసే సన్నటి గొట్టం ఉంటుంది కదా, దాన్ని సొరంగంలోంచి దూర్చి, కొసని దానికి కట్టి మెల్లగా లాగాను. చూపుడు వేలిది వచ్చేసింది. మధ్య వేలిది మధ్యలో పట్టేసింది. గట్టిగా లాగితే చీలుతుంది, వదిలేస్తే మళ్లీ లోపలికి పోతుంది. ఇమాంబీ అక్క మణికట్టు వంచి పట్టుకుంది. కొంచెం కొంచెంగా వచ్చింది.

అప్పుడు కుట్టాను. ఒక్కో పోగూ వేస్తూ కొసలు నలగకుండా, ఉబ్బకుండా. చేతులు వణకలేదు. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు, ఆ కాసేపూ లేదు. నాలుగో పోగు బిగించి, అంచుకుట్టు వేసి, వేలిని వంచి చాచి చూశాను. చూపుడు వేలి కుట్టు సొరంగంలోకి జారి బయటికొచ్చింది. మధ్య వేలిది నోటి దగ్గర కొంచెం రాసుకుంది. సొరంగం అంచు వెంట్రుకంత కోస్తే సరిపోయింది. సరిపోయిందనే అనుకుంటున్నాను.

ఈసారి కట్టు వేరేగా వేశాం. మోచెయ్యి బాగా వంచి, వేళ్లన్నీ లోపలికి పోయేలా మూటలా చుట్టి, భుజం మీదుగా పట్టీ వేశాం. ఊడాలంటే పిల్లే ఊడిపోవాలి.

బయటికొచ్చేసరికి తలుపు దగ్గర చక్రపాణి గారు నిలబడున్నారు. నన్ను థియేటర్ నుంచి తప్పించినట్టు అక్కడే చెప్పారు. ఒంటి మీద ఆపరేషన్ గౌను కూడా తియ్యలేదు నేను.

నమోదు 6

థియేటర్లోకి రానివ్వడం లేదు. కట్లు మార్చుకోమన్నారు. మారుస్తున్నాను. నా బదులు నిలబడ్డ కుర్రడాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని, దర్జీ రెండు పోగులు వెయ్యడం చూస్తున్నాడు. ఐదో వీధి నుంచి ఇంకో పిల్ల వచ్చింది. ఒక్కటే వేలు. ఆ పిల్ల ఏడుపు కట్ల గదిలోకి వినబడింది. లేచి వెళ్లబోతే ఇమాంబీ అక్క భుజం పట్టి కూర్చోబెట్టింది.

పున్నమి కట్టు విప్పేశాం. చెయ్యి సన్నగా, తెల్లగా, పొట్టు రాలుతూ ఉంది. చేతి వ్యాయామం అంటే నాలుగేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది? నాగరత్న ఒక ఉపాయం పట్టింది. తడిపిన పిండిముద్ద చేతిలో పెట్టి, పిసికితే రొట్టె చేసిస్తానంది. మొదటి రోజు వేళ్లు పిండి మీద ఆనాయంతే. ఇప్పుడు పిండిలో గుంటలు పడుతున్నాయి. చూపుడు వేలు అరచేతిని తాకుతోంది. మధ్య వేలు ఇంకా దూరంగానే ఆగిపోతోంది. తెగలేదు మాత్రం. రెండూ తెగలేదు.

చక్రపాణి గారు చూడ్డానికొచ్చారు. పిండి పిసికే పిల్ల ముందు చాలాసేపు కూర్చున్నారు. పోయేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, అనుమతి తెచ్చానన్నారు. నేను చేతులకి తీగల తొడుగులు వేసుకుని కోడికాళ్లు కుడితే, నా చేతి కదలికలన్నీ చూసి దర్జీ ఆ కుట్టు నేర్చుకుంటుందట. అప్పుడు పిల్లలందరికీ నాలుగు పోగులే.

"ముందు జాలీ పెట్టించండి. తర్వాత నేర్పుతాను," అన్నాను.

"పెట్టేదాకా వచ్చే పిల్లలకి రెండు పోగులే వెయ్యమంటారా?"

అలా వెయ్యమని నేననలేను. అది ఆయనకీ తెలుసు. తెలిసే అడిగారు. ఐదో వీధి పిల్ల ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. తొడుగులు వేసుకున్నాను. రోజుల తరబడి కుట్టాను. దర్జీ నేర్చుకుంది. నాకన్నా నున్నగా వేస్తోంది. సంతోషించాను. నిజంగానే సంతోషించాను, దాచుకోవడమెందుకు.

నమోదు 7

ఈ ఉదయం నీటి మండలి జవాబొచ్చింది. జాలీ అవసరం లేదట. కారణం కూడా ఇచ్చారు. పిల్లల టెండన్ల చికిత్సలో కొత్త కుట్టు సంతృప్తికరంగా పనిచేస్తున్నందున నీళ్లు తగ్గించుకునే చర్య అనవసరం. కింద నా సీసాల లెక్క వేశారు. నా పేరూ వేశారు, గౌరవంగా, ముందు డాక్టర్ అని పెట్టి.

నా కుట్టుని రేకులకి కాపలా పెట్టారు. ఇంక ధైర్యంగా కొయ్యొచ్చు, కుట్టేవాళ్లున్నారు!

ఆ కాగితం పట్టుకుని పుట్టగొడుగుల మళ్లకి పోయాను. నాగరత్నకి చదివి వినిపించాను. చుట్టూ పనిచేసేవాళ్లు కూడా వచ్చి విన్నారు. అప్పుడు నాగరత్న పుట్టగొడుగులు ఆరబెట్టే జాలీ తట్ట ఒకటి బోర్లించి, దుమ్ము దులిపి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"దీంట్లోంచి గాలి పోతాది. ఏలు పోదు," అంది.

అంతే. ఎవరికి చిక్కిన తట్ట వాళ్లు తీశారు. ఇమాంబీ అక్క కట్లకి వాడే తీగ చుట్టలు తెచ్చింది. మూడో వీధి నీటిగోడ ముందు జానెడు ఎడం ఉండేలా రాళ్లు పేర్చి, వాటి మీద తట్టలు నిలబెట్టి కట్టేశాం. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

అందరూ చప్పట్లు కొట్టలేదు. వీధి చివర ఉండే వీరభద్రయ్య తాత బిందె పట్టుకొచ్చి అరిచాడు. "నీళ్లు తగ్గితే మీ అబ్బ సొత్తు తెచ్చిస్తారా? తల్లులు పిల్లల్ని చూసుకోలేక ఊరికి దాహం పెడతారా?"

"తగ్గితే నా వంతులోది పోసుకో తాతా," అంది నాగరత్న. "నా బిడ్డ ఏళ్లకన్నా ఎక్కువ తాగుతావా నువ్వు?"

నీళ్లు తగ్గాయి. సాయంత్రానికి తొట్టి అంచు కిందికి రెండు వేళ్ల మేర దిగాయి, అంతే. కొలవకుండా భయపడ్డది దీనికి. అయినా తక్కువ తక్కువే. వీధిలో పంపకాల దగ్గర గొడవ పడ్డారు, రేపూ పడతారు.

చక్రపాణి గారు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వచ్చారు. "ఇది నేరం, తెలుసా? తీయించేస్తాను," అన్నారు.

"తీయించండి సార్," అంది నాగరత్న. "తీసేవాళ్ల పేర్లు చెప్పి తీయించండి. రేపు యా బిడ్డ చెయ్యి తెగినా ఆళ్లింటికే ఎత్తుకోని పోతాం."

ఆయన వెంట వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకతనికి చంటిపిల్ల ఉంది, నేనే టీకా వేశాను. అతను కదల్లేదు. చక్రపాణి గారు నావైపు తిరిగి, "రేపటి నుంచి మీరు ఆసుపత్రికి రానక్కర్లేదు," అన్నారు.

"అవసరమేముంది? దర్జీకి నేర్పేశాను కదా," అన్నాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయారు. తలదించుకున్నందుకు నాకు జాలి కలగలేదు.

అంతలో వెనక పెద్ద గోల. పున్నమి. రోజూ వచ్చే చల్లటి చోటికి వచ్చింది, అడ్డం తట్టలున్నాయి. ఎవరూ అడక్కుండా కట్టేశారని దానికి ఒళ్లుమండింది. రెండు చేతులతో తట్ట అంచు పట్టుకుని ఊపేస్తోంది, తట్టలన్నీ దడదడలాడుతున్నాయి, రాళ్లు కదులుతున్నాయి, గొంతు చించుకుని అరుస్తోంది.

"వదులు, పడిపోతుంది," అని వంగి పట్టుకున్నాను.

వదల్లేదు. నేను కుట్టిన ఆ కుడిచెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ విప్పబోయాను. చిటికెన వేలు వచ్చింది, ఉంగరపు వేలు వచ్చింది. బలంగా లాగితే చూపుడు వేలూ వచ్చింది. మధ్య వేలు రాలేదు, అంచు చుట్టూ ముడుచుకుని బిగించి పట్టింది.